ఎక్స్‌ఎస్‌ఎల్:నంబర్ – ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ట్యాగులతో గుర్తుపెట్టే ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన పెద్ద మాన్యువళ్లను హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్‌లుగా మార్చేటప్పుడు అధ్యాయాలకు, పటాలకు, ఫుట్‌నోట్లకు నేను ఎక్స్‌ఎస్‌ఎల్:నంబర్‌తోనే అంకెలు వేయిస్తాను. ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపాల్లోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో అంకెలు వేసే ఆదేశం ఇది; 1999లో వచ్చిన 1.0 నుంచీ ఉంది. పనిముట్టు నమ్మదగ్గదే. డిఫాల్ట్‌లకు వదిలేస్తే మాత్రం ఒక్క ఎర్రర్ కూడా చూపకుండా తప్పుడు అంకెలు వేస్తుంది. అందుకే లెవెల్ (ఏ పరిధిలో లెక్కించాలో చెప్పేది), కౌంట్ (వేటిని లెక్కించాలో చెప్పేది) రెండూ ప్రతిసారీ రాసి తీరాలంటాను.

లెవెల్ రాయకపోతే సింగిల్ అని తీసుకుంటుంది. అంటే ఒకే పేరెంట్ (పై ట్యాగు) కింద, మనకంటే ముందున్న అదే పేరు ఎలిమెంట్లనే (ట్యాగులతో చుట్టిన భాగాలనే) లెక్కపెడుతుంది. జాబితాలకు అది చాలు. ఫుట్‌నోట్లకు పనికిరాదు: ఒక పేరాలో రెండు, తర్వాతి పేరాలో ఒకటి ఉంటే 1, 2, 1 అని వస్తాయి. లెవెల్‌ను ఎనీ చేస్తే డాక్యుమెంట్ మొత్తానికి ఒకే వరుస. ప్రతి అధ్యాయంలో మళ్లీ 1తో మొదలవ్వాలంటే లెక్క ఎక్కణ్నుంచి మొదలవ్వాలో చెప్పే ఫ్రమ్‌లో చాప్టర్ అని ఇవ్వాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. చివరి అధ్యాయం తర్వాత అనుబంధం ఉందనుకోండి. దానిలోని మొదటి ఫుట్‌నోట్ నుంచి వెనక్కి వెళ్తే ఎదురయ్యే చాప్టర్ ఆ చివరి అధ్యాయమే. దానిలో 14 ఫుట్‌నోట్లుంటే అనుబంధం 15తో మొదలవుతుంది. ఫ్రమ్‌లో చాప్టర్‌తో పాటు అపెండిక్స్‌ను కూడా నిలువు గీతతో చేర్చితే సరి.

3.2 లాంటి అంకెలకు లెవెల్ మల్టిపుల్ కావాలి. కౌంట్‌లో చాప్టర్, సెక్షన్ రెండూ ఉండాలి. కౌంట్ వదిలేస్తే సెక్షన్లను మాత్రమే లెక్కించి అధ్యాయం అంకెను మింగేస్తుంది. ఫార్మాట్ 1.1 అని ఇస్తే మూడో స్థాయి కూడా అదే తీరులో 3.2.4 అని వస్తుంది, విడిగా రాయక్కర్లేదు.

నాకు దీనిలో నిజంగా నచ్చనిది వేరే. పుస్తకాన్ని భాగాలుగా విడగొడితే మల్టిపుల్ ఒక్కో స్థాయిని దాని పేరెంట్ లోపలే లెక్కిస్తుంది కాబట్టి రెండో భాగంలో అధ్యాయాలు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. అధ్యాయాలు వరుసగా సాగాలి, సెక్షన్లు అధ్యాయంలో మొదలవ్వాలి అంటే ఒక్క పిలుపుతో కాదు. సెక్షన్ టెంప్లేట్‌లో (సెక్షన్లను మార్చే నియమంలో) రెండుసార్లు పిలవాలి: మొదట లెవెల్ ఎనీ, కౌంట్ చాప్టర్, తర్వాత ఒక చుక్క, ఆపై లెవెల్ మల్టిపుల్, కౌంట్ సెక్షన్, ఫ్రమ్ చాప్టర్. చాలా పుస్తకాలకు కావలసింది ఇదే. ఇంత మామూలు అవసరానికి రెండు పిలుపులా అనిపిస్తుంది.

సార్ట్ చేసిన పట్టికలో వరుస సంఖ్యలకు దీన్ని నేరుగా వాడకండి. ఇది మూల డాక్యుమెంట్‌లోని క్రమాన్నే చూస్తుంది, సార్ట్‌ను పట్టించుకోదు. వేయాల్సిన అంకెను నేరుగా తీసుకునే వాల్యూలో, వరుసలో ప్రస్తుత స్థానం చెప్పే పొజిషన్ ఫంక్షన్ ఇవ్వండి. సార్ట్ లేని చోట పొజిషన్‌తో 2, 4, 6 అని వస్తే, టెంప్లేట్లను నడిపే అప్లై-టెంప్లేట్స్‌కు సెలెక్ట్ ఇవ్వనందువల్ల ట్యాగుల మధ్య ఖాళీలు కూడా నోడ్లుగా (డాక్యుమెంట్ చెట్టులోని భాగాలుగా) లెక్కలోకి వచ్చాయన్నమాట. ఎలిమెంట్ పేరుతో సెలెక్ట్ రాయండి, లేదా ఆ ఖాళీలను తీసేసే స్ట్రిప్-స్పేస్ పెట్టండి.

“పటం 7 చూడండి” లాంటి క్రాస్ రిఫరెన్సులకు 2007 నాటి 2.0లో ఎక్స్‌ఎస్‌ఎల్:నంబర్‌కు వచ్చిన సెలెక్ట్ గొప్ప ఉపశమనం: నోడ్లను వెతికిపెట్టే కీ ఫంక్షన్‌తో గమ్యాన్ని పట్టుకుని సెలెక్ట్‌కు ఇస్తే చాలు. 1.0లో అదే పనికి ఫర్-ఈచ్‌తో గమ్యం మీదికి వెళ్లి లెక్కించాలి. సొంత ఫంక్షన్లు రాసుకునే ఎక్స్‌ఎస్‌ఎల్:ఫంక్షన్ లోపల సెలెక్ట్ లేకుండా రాస్తే ఎక్స్‌టీటీఈ0990 ఎర్రర్ వస్తుంది, అక్కడ కాంటెక్స్ట్ నోడ్ (ప్రస్తుతం పని జరుగుతున్న నోడ్) ఉండదు కనుక. వేరియబుల్‌లోకి కాపీ చేసిన నోడ్‌ను లెక్కిస్తే ఆ కాపీ చెట్టు వరకే లెక్క. పుస్తకంలో 40వ పటం అక్కడ 1 అవుతుంది.

ఫార్మాట్‌లో ౧ అని ఇస్తే తెలుగు అంకెలే రావాలని ప్రమాణం చెబుతుంది. ఈ సంగతి చాలామంది గమనించరు.

వేగం విషయానికొస్తే, ఎనీ వాడినప్పుడు ప్రాసెసర్ ప్రతి నోడ్ నుంచి వెనక్కి నడవాల్సి రావచ్చు. వేల పటాలున్న ఫైలులో ఇది బాగా తెలుస్తుంది. 2017 నాటి 3.0లోని అక్యుములేటర్ ఒక్క దఫాలో లెక్క పూర్తిచేస్తుంది. స్ట్రీమింగ్‌లో, అంటే ఫైలును మొత్తం మెమరీలోకి తీసుకోకుండా చదువుతూ పోయేటప్పుడు, ఇది మరీ అవసరం: చదువుతున్న నోడ్ల మీద వాల్యూ లేని ఎక్స్‌ఎస్‌ఎల్:నంబర్ అక్కడ నడవదు.

ఈ అంకెలను లింకుల ఐడీలుగా మాత్రం వాడొద్దు. మధ్యలో ఒక పటం చేరితే తర్వాతివన్నీ జరుగుతాయి, బయటి నుంచి వచ్చే పాత లింకులు తప్పు చోటికి తీసుకెళ్తాయి. దానికి మూలంలోనే మారని గుర్తుగా ఎక్స్‌ఎంఎల్:ఐడీ రాయించండి.