సేల్‌కి ముందు బట్టలు కొన్నవాళ్లు షాపు నుంచి వచ్చే మెసేజ్‌లు తప్పకుండా చూసుకోండి

నెల్లూరు ట్రంక్ రోడ్డు వైపు బట్టల షాపులకి వెళ్లేవాళ్లు, ముఖ్యంగా కావలి, ఆత్మకూరు నుంచి పెళ్లి బట్టలకని వచ్చేవాళ్లు ఇది చదవండి. మనకి తెలియకుండా మన బిల్లు మార్చేసి, తేడా డబ్బు షాపులోవాళ్లు వాడుకున్న సంగతి ఇది. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ పని ఏ షాపులోనైనా జరగొచ్చు.

శ్రావణంలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ ఉందని, ఆషాఢం సేల్ పెట్టకముందే 4,800 పెట్టి ఒక పట్టుచీర తీసుకున్నాం. సేల్‌లో దీని రేటు తగ్గుతుందా అని అడిగితే, "ఈ వెరైటీకి ఆఫర్ ఉండదక్కా, నచ్చింది కదా తీసుకోండి" అని సేల్స్ అమ్మాయి గట్టిగా చెప్పింది. తీరా సేల్ మొదలయ్యాక నా ఫోన్‌కి షాపు నుంచి మెసేజ్, పాత బిల్లు రద్దయింది, కొత్త బిల్లు 3,360 అని! చీర మా బీరువాలో ఉంది, నేను మళ్లీ ఆ షాపు గడప తొక్కలేదు, మరి బిల్లు ఎవరు మార్చారు?

వెళ్లి అడిగితే బిల్లింగ్ కౌంటర్లో "సిస్టమ్ పొరపాటక్కా, మీకేం నష్టం లేదు" అన్నారు. తేడా 1,440 ఎక్కడికి పోయిందో చూపించమని పట్టుబడితే మేనేజర్ వచ్చి కంప్యూటర్లో తీశాడు. ఆ 1,440కి నా పేరు మీద క్రెడిట్ నోట్ (అంటే ఆ షాపులో ఇంకో బిల్లుకి డబ్బులా వాడుకునే చీటీ) తీసి, ఇంకో బిల్లులో వాడేశారు, ఆ బిల్లుకి స్టాఫ్ డిస్కౌంట్ కూడా పడి ఉంది. అంటే అక్కడ పనిచేసేవాళ్లెవరో సేల్ రేటుకి బట్టలు తీసుకుని, దాని మీద స్టాఫ్ తగ్గింపు వేయించుకుని, అదీ చాలక నా డబ్బు కూడా వాడుకున్నారు.

స్టాఫ్ సేల్ రేటుకి కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు విప్పి మడతపెట్టే పిల్లలకి ఆ మాత్రం తగ్గింపు ఇవ్వాల్సిందే. కానీ కొన్న తర్వాత రేటు తగ్గితే తేడా వెనక్కిచ్చే పద్ధతి ఉంటే అందరికీ ఉండాలి కదా. అమెరికాలో కాస్ట్‌కో లాంటి చోట్ల కొన్న 30 రోజుల్లోపు రేటు తగ్గితే అడిగినవాళ్లకి తేడా ఇస్తారు. ఇక్కడ మనకేమో "బిల్లు అయ్యాక తేడా ఇవ్వబడదు" అని కౌంటర్ మీద బోర్డు, లోపల మాత్రం మన బిల్లుల మీదే ఆ తేడా తీసుకుంటున్నారు.

అక్కడ నిలబడ్డప్పుడే ఇంకోటి చూశా. కౌంటర్ కింద కవర్లలో సేల్ చీరలు, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ పిన్ను చేసి ఉంది, పైన మాత్రం అడిగినవాళ్లకి "ఆ కలర్ అయిపోయింది" అంటున్నారు. తగ్గింపు ధర అని ప్రకటించి, ఆ సరుకు తగినంత కాలం, తగినన్ని అమ్మకానికి పెట్టకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

వాళ్ల ముందే 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలిపాక 1,440 నా చేతిలో పెట్టారు. బిల్లు వేసేటప్పుడు మీ ఫోన్ నంబరే ఎక్కిందో లేదో స్క్రీన్ మీద చూడండి, వేరే నంబరుంటే ఇలాంటి మెసేజ్ మీదాకా రాదు, కొన్నందుకు షాపు ఇచ్చే పాయింట్లు కూడా ఆ నంబరువాళ్లకే పోతాయి. ఒకవేళ మీ బిల్లు కూడా మార్చేసి ఉంటే డబ్బుతో పాటు కొత్త బిల్లు ప్రింటు కూడా అడిగి తీసుకోండి, పాతది రద్దయిపోయింది కాబట్టి రేపు చీరలో డ్యామేజ్ కనిపించి మార్చుకోవాలన్నా ఆ కాగితం చెల్లదంటారు.