ఆరు నెలల టిగ్ వెల్డింగ్ శిక్షణ: నా రివ్యూ

పన్నెండో తరగతి తర్వాత నేను కాలేజీకి వెళ్లలేదు. ఆరు నెలల టిగ్ వెల్డింగ్ శిక్షణలో చేరాను. టంగ్‌స్టన్ అనే లోహపు కడ్డీ మొన నుంచి వచ్చే విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించి అతికే పద్ధతి ఇది. ఇప్పుడు పైపులైన్ పనుల్లో నా సంపాదన డిగ్రీ చేసిన స్నేహితుల కంటే తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా నచ్చింది రూట్ పాస్ మీద పెట్టిన సమయం. రెండు పైపుల మధ్య సన్నని సందును లోపలి అంచు దాకా కరిగించి పూడ్చే మొదటి వరుస అది. అక్కడ తప్పు జరిగితే పైన ఎంత అందంగా వేసినా ఎక్స్‌రేలో దొరికిపోతుంది. మా సారు మూడు వారాలు అదే చేయించారు. టంగ్‌స్టన్ మొన కరిగిన లోహాన్ని తాకిందంటే ఆపి మళ్లీ సాన పట్టాల్సిందే. విసుగొచ్చేది, కానీ చేతికి నిలకడ అక్కడే వచ్చింది.

చివర్లో 6జీ అనే పైపు వెల్డింగ్ పరీక్ష. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పనివ్వరు. మనమే దాని చుట్టూ వంగుతూ, లేస్తూ వేయాలి. తర్వాత ముక్కలు కోసి యూ ఆకారంలో వంచి చూస్తారు. నా మొదటి ముక్క పగిలింది. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో! రెండోసారి పాసయ్యాను.

లోటు ఒక్కటే అయినా చిన్నది కాదు. పొగ లాగేసే ఫ్యాన్లు సగం పనిచేయవు. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగలో క్రోమియం ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. ఎక్కడ చేరినా ముందు వర్క్‌షాప్‌లోకి వెళ్లి ఫ్యాన్లు వేయించి చూడండి. మంచి మాస్కు సొంతంగా కొనుక్కోండి.