సరుగుడు వేళ్ల కింది ఉండలకు డీఎన్ఏ పరీక్ష: చేయించొచ్చా?

కడియంలో మాది నర్సరీ. కోనసీమ తీరంలో వేసే సరుగుడు నారు ఎక్కువగా పెంచుతాం. అంతర్వేది వైపు ఓ రైతు తోటలో చెట్ల మొదళ్ల దగ్గర ఇసుక తవ్వితే ఉండలు బయటపడ్డాయి. ట్రఫులేమో (నేలలోపల ఉండ కట్టే, తినే శిలీంధ్రం), కేజీ వేలల్లో పలుకుతుందట అని ఒకటే హడావిడి. తీసుకెళ్లి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌కి డీఎన్ఏ పరీక్షకిచ్చాను.

ఉండ నిమ్మకాయంత ఉంది. కోస్తే చుట్టూ తెల్లటి మందపాటి తోలు, లోపల ఊదా కలిసిన నలుపు. అడుగున పసుప్పచ్చ శిలీంధ్ర దారాలు సరుగుడు పిల్లవేళ్లని అల్లుకుపోయి ఉన్నాయి. నాకు ఆ దారాలే ముఖ్యం. నారుకి భాస్వరం, నీరు లాగి పెట్టేవి అవే. నత్రజని సంగతి వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా చూసుకుంటుంది.

శాంపిల్ ఎలా తీయాలో ల్యాబ్ వాళ్లు చాలా బాగా చెప్పారు. తోలు వదిలేసి లోపలి కండ మాత్రమే శుభ్రమైన బ్లేడుతో తీసి తేమ పీల్చే సిలికా జెల్‌లో వేయమన్నారు. మట్టిలోని బూజు కలిసిందంటే మిషను దాని డీఎన్ఏనే చదివి పెడుతుంది. మన గాలిలో తేమకి ఈ జాగ్రత్త తప్పదు. వాళ్లు చదివింది డీఎన్ఏలో ఐటీఎస్ అనే ముక్క. 2012లో శిలీంధ్రాల జాతిని గుర్తుపట్టే బార్‌కోడ్‌గా ఖాయపరిచింది దాన్నే. శాంపిల్‌కి 2,000 పైచిలుకు పడింది. చెప్పిన టైముకే ఇచ్చారు.

రిపోర్టు చూశాకే కోపం వచ్చింది. జెన్‌బ్యాంకు అనే డీఎన్ఏ భాండాగారంలో ముందు తగిలిన పేరునే జాతి పేరుగా అచ్చేసి ఇచ్చారు. పోలిక చూస్తే 94 శాతమే! అంత తేడా ఉన్నప్పుడు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గర ఆగిపోవాలి. పైగా జెన్‌బ్యాంకులో తప్పు పేర్లతో ఎక్కినవి బోలెడు. గట్టిగా అడిగితే రెండు వైపుల నుంచీ చదివిన ముడి ఫైళ్లు పంపారు. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే మా చెల్లెలు శిలీంధ్రాల డీఎన్ఏ భాండాగారమైన యునైట్‌లో మళ్లీ సరిచూసింది: స్క్లెరోడెర్మా అనే శిలీంధ్ర ప్రజాతి. అందులో ఏ జాతో తేలలేదు. ఇంతవరకు ఎవరూ పేరు పెట్టనిదైనా కావచ్చు, పేరుండీ డీఎన్ఏ ఎక్కనిదైనా కావచ్చు. అందుకే సగం ఉండ ఎండబెట్టి, ఏ తోటో ఏ చెట్టో చీటీ రాసి దాచాం.

అసలు ట్రఫుల్ ట్యూబర్ ప్రజాతిది, ఆ వంశమే వేరు. నేలలోపల ఉండ కట్టడమనేది శిలీంధ్రాల్లో విడివిడిగా ఎన్నోసార్లు పుట్టింది. రూపం చూసి చుట్టరికం కలిపితే కుదరదు. స్క్లెరోడెర్మా తింటే వాంతులు, కడుపునొప్పి. పుట్టగొడుగుల కూర అలవాటున్నవాళ్లు దయచేసి దీన్ని వండొద్దు.

5కి 3.5 ఇస్తాను. పరీక్ష చేయించండి, కానీ ముడి ఫైళ్లు ఇస్తామని డబ్బు కట్టకముందే రాయించుకోండి.