స్టాక్ లేని రైఫిల్ పిస్టలా, 16 అంగుళాల కార్బైనా?

అమెరికాలో ఏఆర్-15 రకం తుపాకీ కొనబోయేవాళ్లను తరచూ తొలిచే సందేహమిది. రెండూ 5.56 తూటానే పేలుస్తాయి. ఇక్కడ కార్బైన్ అంటే 16 అంగుళాల బ్యారెల్, భుజానికి ఆనించే స్టాక్ ఉన్న రైఫిల్. పిస్టల్‌కు బ్యారెల్ 10.5 అంగుళాలు, స్టాక్ ఉండదు.

గురి: పిస్టల్‌ను, సుమారు రెండున్నర కిలోలు, చేతులతోనే మోయాలి. రెండో మ్యాగజైన్‌కే ముంజేతులు వణుకుతాయి, గురి అద్దంలోని ఎర్ర చుక్క టార్గెట్ మీద నిలవదు. కార్బైన్‌ను భుజానికి ఆనించి చెంప పెడితే వంద గజాలు సులువే.

చప్పుడు: పొట్టి బ్యారెల్‌లో మందు పూర్తిగా కాలదు. మిగతాది బయట మంటై లేస్తుంది. గదిలో పేలిస్తే చెవులు గింగిర్లే! తూటా వేగమూ తగ్గుతుంది. .300 బ్లాక్‌అవుట్ అనే వేరే రకం తూటా అయితే పొట్టి బ్యారెల్‌కు నప్పుతుంది.

ఖర్చు: పెద్ద తేడా లేదు.

వయసు: ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ దగ్గర పిస్టల్‌కు కనీసం 21, కార్బైన్‌కు 18.

చట్టం: చిక్కంతా ఇక్కడే. పిస్టల్‌కు స్టాక్ తగిలిస్తే అది చట్టం దృష్టిలో పొట్టి రైఫిల్; అనుమతి లేకుండా అలా చేస్తే 1934 నాటి జాతీయ ఆయుధాల చట్టం (ఎన్‌ఎఫ్‌ఏ) కింద ఫెడరల్ నేరం. అనుమతికి కట్టే 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. వేలిముద్రలు, రిజిస్ట్రేషన్ మాత్రం తప్పవు. (హెచ్-1బి మీదున్న మనవాళ్లకు కొన్ని మినహాయింపులు తప్ప రెండూ నిషేధమే.)

బ్యాగులో పట్టాలి, ఫారాలు నింపే ఓపిక లేదంటే పిస్టల్. ఓపికుంటే, స్టాక్ తగిలించేందుకు పొట్టి రైఫిల్‌గా రిజిస్టర్ చేయించడమే మేలు. మొదటి తుపాకీ అయితే, నా ఓటు కార్బైన్‌కే.