బోన్ స్కాన్ కోసం రాజమండ్రి వెళ్ళేవాళ్ళు ఇది చదవండి (4 స్టార్లు)

అమ్మకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయ్యాక నడుంనొప్పి మొదలైతే, ఎముకల్లోకి ఏమన్నా పాకిందేమో చూద్దాం బోన్ స్కాన్ చేయించండి అన్నారు డాక్టరు గారు. రేడియోయాక్టివ్ ఇంజెక్షన్ అనగానే అమలాపురంలో మా చుట్టాలు సగంమంది వద్దన్నారు, అందుకే ఈ న్యూక్లియర్ మెడిసిన్ సెంటర్ గురించి కాస్త వివరంగా రాస్తున్నా.

బాగా నచ్చింది టైము విషయంలో వాళ్ళ పట్టింపు. లేటయ్యేలా ఉంటే రావులపాలెం దాటకముందే ఫోన్ చెయ్యమన్నారు. ఎందుకంటే వాడేది టెక్నీషియం-99ఎం అనే రేడియోయాక్టివ్ పదార్థం, ప్రతి 6 గంటలకీ సగమైపోద్ది, పొద్దున్న తీసిన డోసు సాయంత్రానికి దాచిపెడితే పనికిరాదు. రియాక్టర్లో తయారైన మాలిబ్డినం-99 మెల్లగా ఈ టెక్నీషియంగా మారుద్ది, అది ఉన్న జనరేటర్ (కరెంటుది కాదు, ఈ మందు తీసే పరికరం) నుంచి ఎప్పటికప్పుడు తీస్తారంట, ఆ మాలిబ్డినంకి కూడా హాఫ్ లైఫ్ (సగమయ్యే టైము) 66 గంటలే. పేషెంటుకి ఇదే మంచిదండి, ఎక్కించిన టెక్నీషియం 24 గంటలకి పదహారో వంతే మిగులుద్ది, మూత్రంలో పోయేది లెక్కేస్తే అంత కూడా ఉండదు.

సిరంజికి మందపాటి లోహపు తొడుగు చూసి అమ్మ బెదిరిపోతే సిస్టర్ "అది మాకోసం అమ్మగారూ, రోజంతా వీటి మధ్యే ఉంటాం కదండీ" అంది. తర్వాత మూడు గంటలు నీళ్ళు తాగిస్తూ కూర్చోబెట్టారు. స్కాన్ తీసే గామా కెమెరా తనంతట తను కిరణాలేమీ వదలదు, ఒంట్లోంచి వచ్చేవాటినే పట్టుకుంటుంది. ప్లేటు మొహానికి బెత్తెడు దూరంలోకి దిగుతుంటే అమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది, ఆ టెక్నీషియన్ అబ్బాయి అయ్యేదాకా పక్కనే నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు.

తెరమీద మోకాళ్ళు నల్లగా కనబడేసరికి నా గుండె గుభేల్మంది. ఎముక కొత్తగా కట్టుకునే చోటల్లా మందు చేరుద్ది, అరిగిన కీళ్ళైనా పాత దెబ్బైనా అలాగే కనబడతాయి అని చెప్పి, వెన్ను చూపించి ఇక్కడేం లేదమ్మా అన్నారు అక్కడి డాక్టరు గారు. కాబట్టి పాత ఎక్సరేలు పట్టుకెళ్ళండి, ఎప్పుడో పడ్డ దెబ్బలు కూడా చెప్పండి.

నచ్చనిది బాత్రూం. ఇంజెక్షన్ చేసినవాళ్ళకి వేరేగా ఉంది గాని ఒక్కటే, అన్నేసి నీళ్ళు తాగించి లైన్లో నిలబెడితే పెద్దోళ్ళు ఏమైపోవాలండి. కడుపుతో ఉన్నవాళ్ళు తోడు రాకూడదన్న సంగతి కూడా గోడమీద బోర్డు పెట్టి ఊరుకుంటే చాలదు, ఫోన్లోనే చెప్పాలి, ఒకావిడ కోడలు పాపం అంతసేపూ బయట ఎండలో కూర్చుంది.

రేటు ముందు చెప్పిందే తీసుకున్నారు, రిపోర్టు మర్నాడు వాట్సాప్‌లో వచ్చింది. ఫిలిం మాత్రం అడిగి తీసుకోండి, మళ్ళీ ఎప్పుడైనా స్కాన్ తీస్తే పక్కపక్కన పెట్టి చూడ్డానికి కావాలి.