ప్రెసిషన్ ఏసీలో స్టీమ్ హ్యుమిడిఫయర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కూలింగ్ సంగతి ముందే చెప్పేస్తా, మా డేటా సెంటర్‌లో ఉన్న ప్రెసిషన్ ఏసీలకి (సర్వర్ గదిలో వేడినీ తేమనీ రెండిటినీ అదుపులో ఉంచేవి) అందులో వంక పెట్టడానికి లేదు. రాత్రీపగలూ తిరుగుతూనే ఉన్నాయి, ఫిల్టర్లూ బెల్టులూ టైముకి మారిస్తే చాలు. నా బాధంతా వాటి లోపల ఆవిరి వదిలి గాలికి తేమ కలిపే స్టీమ్ హ్యుమిడిఫయర్‌తోనే.

ఇది సిలిండర్‌లో ఎలక్ట్రోడ్లు పెట్టి నీళ్లు మరిగించే రకం. హార్డ్ వాటర్ వస్తే ఇంతే సంగతులు, విప్పి చూస్తే ఎలక్ట్రోడ్ల చుట్టూ తెల్లగా సున్నం పెచ్చులు, అవే ఊడొచ్చి డ్రెయిన్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి, నీళ్లు దిగవు, అలారం మొదలు. పోనీ ఆర్వో నీళ్లు ఇద్దామంటే ఈ రకానికి కుదరదు, నీళ్లలో లవణాలుంటేనే కదా కరెంటు పారేది.

దీనికంటే పెద్ద తలనొప్పి ఆర్‌హెచ్ కంట్రోల్, అంటే ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగే తేమలో ఎంత శాతం ఉందో చూసి నడిపే పద్ధతి. ప్రతి యూనిట్టూ గదిలోంచి తనలోకి తిరిగొచ్చే రిటర్న్ గాలిలో ఆర్‌హెచ్ మాత్రమే చూసుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర 50 శాతం చూపించే గాలే 25 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు 37 చూపిస్తుంది, అందులో ఉన్న నీరు మాత్రం అంతే! దాంతో వేడి వైపున్న యూనిట్ గాలి పొడిబారిందని ఆవిరి వదుల్తుంది, చల్లటి వైపున్నది తేమ ఎక్కువైందని అదే నీటిని కాయిల్ మీద పిండేసి, గది మరీ చల్లబడకుండా హీటర్ కూడా వేస్తుంది. లీటరు నీళ్లు ఆవిరి చేయడానికే సుమారు 0.7 యూనిట్ల కరెంటు, అదంతా డ్రెయిన్ పైపులోకి పోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

యూనిట్లన్నిటినీ ఒకే గ్రూపులో కలిపి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, గాలి వేడెక్కినా ఇది మారదు) మీద కంట్రోల్ పెట్టించాం, యూనిట్ల మధ్య ఆ కొట్లాట ఆగిపోయింది. ఏసీల ప్రమాణాలు చెప్పే అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే 2004లో ఆర్‌హెచ్ 40 నుంచి 55 శాతం అని బిగించి చెప్పింది, ఇప్పుడు వాళ్ల సిఫార్సే డ్యూ పాయింట్ మైనస్ 9 నుంచి 15 డిగ్రీల దాకా, సర్వర్లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య. అంత వెసులుబాటు ఉన్నప్పుడు మా హ్యుమిడిఫయర్లకి చాలాకాలం పనే ఉండట్లేదు. గాలి పొడిబారితే స్టాటిక్ కరెంటు పుడుతుందని భయం ఉన్నవాళ్లు ర్యాక్ ఎర్తింగ్, రిస్ట్ స్ట్రాప్ (చేతికి కట్టుకునే ఎర్తింగ్ పట్టీ) సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. చుట్టుపక్కల గాలిలో తుప్పు పట్టించే వాయువులుంటే మాత్రం తేమని 50 శాతం దాటనివ్వకండి.

కొత్తగా కొనేవాళ్లు అన్ని యూనిట్లకీ హ్యుమిడిఫయర్ తీసుకోకండి, ఒకటి రెండిటికి చాలు, డ్యూ పాయింట్ కంట్రోల్ ఉందా అని మాత్రం గట్టిగా అడగండి. నీళ్లని మరిగించకుండా కంపనాలతో పొగమంచులా చేసే అల్ట్రాసోనిక్ రకానికి కరెంటు చాలా తక్కువ, కానీ దానికి ఆర్వో నీళ్లు తప్పనిసరి, లేదంటే తెల్ల పొడి వెళ్లి సర్వర్ల మీద కూర్చుంటుంది.