రూముతో పాటు టిఫిన్ తీసుకోవాలా, వద్దా? హైదరాబాద్‌లో నా ఏడేళ్ల లెక్క

ఖమ్మంలో మాకు చిన్న చీరల కొట్టు ఉంది. సరుకు కోసం నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్తాను. పాతబస్తీలో మదీనా, పత్తర్‌గట్టి బట్టల బజార్లు, ఒక్కోసారి సికింద్రాబాద్ జనరల్ బజార్. వెళ్లినప్పుడల్లా రెండు రాత్రులు ఉండాలి. 2018 నుంచి ఇదే పని. కరోనా కాలం తీసేసినా దాదాపు మూడు వందల రాత్రులు అక్కడి రూముల్లో పడుకుని ఉంటాను. సరుకు లెక్కలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో రూము, టిఫిన్, ఆటో ఖర్చులు రాసుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ వెనక పేజీల్లోదే.

మొదటి రెండేళ్లు ‘కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్’ అని ఉంటే తప్ప బుక్ చేసేదాన్ని కాదు. ఊరికే వచ్చే టిఫిన్ వదులుకోవడం ఎందుకని. ఒకసారి రైల్లో ఖాళీగా కూర్చుని ఫోన్లో చూస్తుంటే అదే హోటల్, అదే రూము రెండు వరుసల్లో కనిపించింది. పైన రూము ఒక్కటే అయితే 1,750. కింద బ్రేక్‌ఫాస్ట్‌తో అయితే 2,350. అన్నిసార్లు చూశాను కానీ కళ్లు ఎప్పుడూ కింది వరుస మీదే ఆగేవి. ఆరు వందల తేడా! అదీ ఇద్దరి తిండికి వేసిన లెక్క. నేను ఒక్కదాన్నే, తినేది రెండు ఇడ్లీ, ఒక వడ, ఒక కాఫీ. సందు చివర అవన్నీ కలిపి తొంభై రూపాయలు. రోజుకు 510 చొప్పున రెండు రోజులకు 1,020. ఏడాదికి ఇరవై నాలుగు ట్రిప్పులు. ఆ మొత్తానికి మా కొట్లో మంచి పట్టుచీరే వస్తుంది. రెండేళ్లలో రెండు చీరలు బఫేలో పోశానని అర్థమైన రోజు రైల్లో టీ కూడా తాగబుద్ధి కాలేదు.

పోనీ అంత పెట్టి తిన్నది బాగుందా అంటే అదీ లేదు. నేను ఉండేవి మధ్యరకం హోటళ్లు, వాటి గురించే చెబుతున్నాను. బఫే ఏడున్నరకు అంటారు. ఆ టైముకు వెళ్తే స్టీలు గిన్నెల మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూసుకోవడమే. ఒకదాంట్లో పొంగల్ ఉంటుంది, మిగతావి ఖాళీ. ‘టూ మినిట్స్ మేడం’ అంటాడు కుర్రాడు. తొమ్మిదిన్నర తర్వాత వెళ్తే ఇడ్లీల అంచులు ఎండిపోయి, మధ్యలో చెమట పట్టి ఉంటాయి. సాంబారు మీద పొర కట్టి, గరిటె పెడితే ముడత పడుతుంది. దోసె అడిగితే ఆ పెనం అప్పుడే ఆపేశామంటారు. నాకు తెలిసినంతలో సరైన సమయం ఎనిమిదింబావు. పెళ్లికి వచ్చిన బస్సు బృందం ఏదైనా దిగి ఉంటే ఆ లెక్కా చెల్లదు.

పత్తర్‌గట్టిలో షట్టర్లు పదకొండుకు గానీ లేవవు. అంటే పొద్దున నాకు బోలెడు టైము. హడావిడిగా కింద హాల్లో తిని, మళ్లీ పైకెళ్లి టీవీ చూస్తూ కూర్చోవడంలో అర్థం లేదనిపించింది. అప్పటి నుంచి కోఠి, కాచిగూడ వైపు దిగి, టిఫిన్ బయటే తింటున్నాను. సరదా పుడితే ముందే బయల్దేరి గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోసె బండి దాకా వెళ్తాను. వెన్న, ఉల్లిపాయ, టమాటా, కారం పెనం మీదే దోసెలోకి కలిపి రుద్దుతుంటే నిలబడి చూడాల్సిందే. అది తిన్నాక మధ్యాహ్నం రెండు దాకా ఆకలి వేయదు కాబట్టి లెక్కలో భోజనం కూడా కొంత తగ్గినట్టే. అక్కడి నుంచి చార్మినార్ పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మొజంజాహీ మార్కెట్ దగ్గరి రామ్ కీ బండి మాత్రం నా పొదుపు పుస్తకంలోకి రాదు. అది తెల్లవారుజామున మొదలయ్యే వ్యవహారం. ఆ వేళలో ఆటో మాట్లాడుకుని వెళ్లి చీజు, వెన్న వేసిన దోసె తినడం సరదా ఖర్చు. మా ఆయన వచ్చినప్పుడు ఒకసారి వెళ్లాం, బాగుంది, అంతే.

అమీర్‌పేటలో దిగితే ఇంకా చవక. కోచింగ్ పిల్లలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి ప్రతి సందులోనూ బండి ఉంటుంది. మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీ వైపూ అంతే. బండిని ఎంచుకోవడానికి నాకున్న గుర్తు ఒక్కటే. ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు గుమిగూడి ఉన్న చోట పిండి నిలవ ఉండదు.

బయట తిండికి కూడా మచ్చ ఉంది. ఓ మే నెలలో పదిన్నరకు ఒక బండి దగ్గర కొబ్బరి చట్నీ వేయించుకున్నాను. కాస్త పులుపు తగిలింది. ‘పెరుగు వేశాంలే అక్కా’ అన్నాడు. ఆ రోజంతా రూములోనే. మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పైగా సరుకు చూడలేదు కాబట్టి ఇంకో రాత్రి అద్దె. నెల పొదుపు ఒక్క గరిటె చట్నీలో పోయింది. అప్పటి నుంచి ఎండాకాలంలో తొమ్మిది దాటితే చట్నీ జోలికి పోను. వేడి సాంబారు, లేదంటే కారప్పొడి, నెయ్యి. నీళ్లు నా సీసాలోవే.

ఇంకొక ప్రయోగం కూడా చేశాను. రూములో కరెంటు కెటిల్ ఉంటుంది కదా, అందులో ఉప్మా మిక్స్ కలుపుకుంటే టిఫిన్ పాతిక రూపాయల్లో అయిపోతుందని ఎవరో చెప్పారు. నేను తెలివిగా మిక్స్ నేరుగా కెటిల్లోనే పోశాను. అడుగంటి నల్లగా మాడింది. చెంచాతో గీకితే గీతలు పడ్డాయి. చెకౌట్‌లో ఎనిమిది వందలు రాసుకున్నారు, నోరెత్తలేకపోయాను. కెటిల్లో నీళ్లు తప్ప ఏవీ కాచకూడదు. వేడినీళ్లు వేరే గిన్నెలో పోసుకుని కలిపి మూత పెడితే చక్కగా అవుతుందట. నాకు మళ్లీ ధైర్యం రాలేదు. ఇప్పుడు కాఫీ పొడి పొట్లాలు, నాలుగు అరటిపళ్లు, ఇంటి నుంచి ఒక డబ్బాలో వేయించిన అటుకులు. మొదటి రోజు వాటితోనే గడుస్తుంది.

రెండు ధరలు పోల్చేటప్పుడు నేను బోల్తా పడ్డ విషయం ఒకటుంది. తక్కువ ధర వరుస ఒక్కోసారి రద్దు చేస్తే డబ్బు వాపసు లేనిది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి మా ఊరు సగం మునిగింది. కేసముద్రం వైపు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. నేను వెళ్లేది ఎక్కడ! రూముకు కట్టిన పదహారు వందలు పోయాయి. బ్రేక్‌ఫాస్ట్‌తో ఉన్న వరుసకు ఉచిత రద్దు ఉందని తర్వాత చూసుకున్నాను. కాబట్టి తేదీ, రూము మాత్రమే కాదు, రద్దు షరతు కూడా ఒకటేనా అని చూశాకే తేడా తీయాలి.

పన్ను సంగతి కొద్దిగా. టిఫిన్ రూము ధరలో కలిసి ఉంటే దానికీ రూము పన్నే పడుతుంది. నేను ఉండే రకం, వెయ్యి దాటిన రూములకు ముందు నుంచీ జీఎస్టీ 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 దాకా రూములకు అది 5 శాతానికి తగ్గింది. అంటే అప్పటిదాకా నేను తిన్న హోటల్ ఇడ్లీకి 12 శాతం, బయట బోర్డున్న టిఫిన్ హోటల్లో ఇడ్లీకి 5. ఇప్పుడు ఆ తేడా పోయింది. (హోటల్ అంటే మా అత్తగారికి ఇప్పటికీ టిఫిన్ తినేదే. పడుకునేది లాడ్జి. ‘హోటల్లో పడుకున్నావా?’ అని ఫోన్లో అడుగుతుంది.)

చిన్న హోటళ్లలో యాప్ కంటే ఫోన్ నయం. నేను నేరుగా రిసెప్షన్‌కు చేసి ‘టిఫిన్ వద్దు, రూము వరకే ఎంత?’ అని అడుగుతాను. కొందరు రెండు వందలు తగ్గిస్తారు. ‘అది ఫ్రీ కదా మేడం, తీసేసినా తగ్గదు’ అనేవాళ్లు ఎక్కువ. అలాంటప్పుడు వాదించను. ‘సరే, చెకౌట్ రెండు గంటలు పొడిగించండి’ అంటాను. దానికి పైసా ఖర్చు లేదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. సరుకు మూటలు పెట్టుకోవడానికి నాకా రెండు గంటలు టిఫిన్ కంటే విలువైనవి.

డబ్బు ముందే కట్టేసి, తినే వీలు లేకపోతే మాత్రం వదలొద్దు. ఇక్కత్ చీరల కోసం పోచంపల్లి వెళ్లే రోజు ఆరున్నరకే బయల్దేరతాను, బఫే అప్పటికి తెరవరు. ముందురోజు రాత్రి పది లోపు రిసెప్షన్‌లో చెబితే పార్సిల్ కట్టిస్తారు. బ్రెడ్డు, రెండు ఉడికిన గుడ్లు, ఒక అరటిపండు. పొద్దున అడిగితే వంటవాడు రాలేదంటారు. రంజాన్ నెలలోనూ ఇదే చిక్కు. అప్పుడు పాతబస్తీ బజారు అర్ధరాత్రి దాటాక కూడా నడుస్తుంది. రెండింటికి వచ్చి పడుకున్నదాన్ని బఫేకు ఎక్కడ లేస్తాను? ఆ నెలలో బ్రేక్‌ఫాస్ట్‌తో బుక్ చేయడం శుద్ధ దండగ. లేచాక పాతబస్తీలో తిందామన్నా పగలు చాలా చోట్ల పొయ్యి వెలగదు. అబిడ్స్ వైపు రావాలి.

ఇంత చెప్పాను కదా అని ఎప్పుడూ బయటే తినమనడం లేదు. హైటెక్స్‌లో ఎగ్జిబిషన్ ఉన్నప్పుడు కొండాపూర్ వైపు ఉంటాం. అక్కడ పెద్ద పెద్ద ఆఫీసుల మధ్య హోటల్ ఉంటే నడిచి వెళ్లే దూరంలో బండి దొరకదు. ఏసీ టిఫిన్ హోటల్లో ఇద్దరికి నాలుగు వందలు, ఆటో అదనం. పైగా మా ఆయనకు షుగర్. ఎనిమిదింటికి మాత్ర వేసుకుని అరగంటలో తినాలి. ఆయనకు గుడ్లు, మొలకలు, ఉడికించిన కూరలు బఫేలో దొరికినంత సులువుగా బయట దొరకవు. తేడా అయిదు వందలు ఉన్నా ఇద్దరం కడుపు నిండా తింటాం కాబట్టి అక్కడ బ్రేక్‌ఫాస్ట్‌తోనే తీసుకుంటాను. ఎంత మందికి ఎంత తేడా, వాళ్లలో నిజంగా తినేవాళ్లు ఎందరు, ఇంతే నేను వేసే లెక్క.

పిల్లలుంటే వయసు సంగతి చెకిన్‌లోనే తేల్చుకోవాలి. మా అక్క కొడుకు ఏడేళ్ల వాణ్ని తీసుకెళ్లినప్పుడు ఒక హోటల్లో రెండు రోజుల బఫేకు ఏడు వందలు బిల్లు వేశారు. వాడు తిన్నది ఒక్కో పూట మూడు పూరీలు. అయిదేళ్ల లోపే ఉచితమని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట. బిల్లులో సర్వీస్ ఛార్జి కూడా కనిపించింది. అది కస్టమర్ ఇష్టమే తప్ప దానంతటది బిల్లులో కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఆ మాట మర్యాదగా అంటే తీసేశారు. పూరీల డబ్బు మాత్రం తీయలేదు.

అయిదు రూపాయల టిఫిన్ ఉందిగా అని మా కొట్లో అమ్మాయి అడిగింది. జీహెచ్ఎంసీ ఇందిరమ్మ క్యాంటీన్లలో 2025 సెప్టెంబరు చివర్లో మోతీనగర్, మింట్ కాంపౌండ్ దగ్గర మొదలుపెట్టారు. సచివాలయం వైపు పనిపడి ఒకసారి వెళ్లాను. ఉప్మా వేడిగా, శుభ్రంగా ఉంది. ముందూ వెనకా అడ్డా కూలీలు, ఊడ్చే అమ్మలు నిలబడ్డారు. రూముకు రెండు వేలు కట్టి ఆ వరుసలో నిలబడటం నాకే బాగోలేదు, మళ్లీ వెళ్లలేదు.

వచ్చే నెల అక్కవాళ్లు నలుగురూ మాతో వస్తున్నారు, గచ్చిబౌలి వైపు పెళ్లి. రెండు రూములకూ బ్రేక్‌ఫాస్ట్‌తోనే చెప్పాను. బాబుకు ఎనిమిదేళ్లు నిండాయని, వాడి టిఫిన్ కూడా అందులోనే రావాలని ఫోన్లో రెండుసార్లు అడిగి, వాట్సాప్‌లో రాయించుకున్నాను.